మొదటి పేషెంటు

"పొడి యాడ పెట్టినావో చెప్తావా, నన్నే ఎతుక్కోమంటావా?"

రఘునాథ్ అడిగింది చెల్లెల్ని. చేతులు మాత్రం అప్పటికే వంటింటి అలమరలో ఉన్నాయి. రాగిపిండి డబ్బా, బెల్లం డబ్బా, ఉప్పు జాడీ ఒక్కొక్కటే నేలమీదికి దిగుతున్నాయి. అడిగాక జవాబు కోసం ఆగే ఓపిక ఆ మహానుభావుడికి ఏనాడూ లేదు.

కావ్యశ్రీ గడప దగ్గరే నిలబడింది. కృష్ణగిరి ఆసుపత్రి వరండాలో కూర్చున్న బట్టలే ఇంకా ఒంటిమీద ఉన్నాయి. నాన్న దగ్గర వదిన సుమను ఉంచి, ఆయన బట్టలూ పాత రిపోర్టులూ తీసుకుపోదామని అన్నాచెల్లెళ్ళిద్దరూ తళి పక్కన తమ ఊరికి వచ్చారు. వచ్చిన పని మొదలుకాలేదు, గొడవ మొదలైంది.

"పై అరలో. నీలం మూత డబ్బా," అంది.

అతను దాన్ని లాగి పెరట్లోకి నడిచాడు. పేడదిబ్బ మీద మూత తీయబోతుంటే కావ్యశ్రీ పరుగెత్తి అడ్డం పడింది.

"పారబోయొద్దన్నా! డాక్టరమ్మ తెమ్మనింది. పరీక్షకు పంపాలంట."

"అందులో ఏముందో నీకు తెలీదా? తెలీకనే ఆయన నోట్లో పోసినావా?"

"తెలుసు. రెండు వేర్లు, ఒక చెక్క, ఒక గింజ. ఒంట్లో వేడీ నెమ్మూ చేరి కీళ్ళు వాచితే చైనా వైద్యంలో ఇచ్చే పొడి. నేను చదివినాను."

"నువ్వు చదివినావు. తినింది నాయన. కిడ్నీలు పోయింది నాయనకు. నీకేమి, ఇంకో పుస్తకం తెరుస్తావు."

కావ్యశ్రీ డబ్బాను అతని చేతిలోంచి లాక్కుని కడుపుకు అదుముకుంది.

నిజానికి ఆ డబ్బా ఈ ఇంట్లో దేవుడి పటంతో సమానంగా పూజలందుకుంది. రెండేళ్ళ కిందట వీళ్ళ నాన్న అశ్వత్థప్ప, కాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బి, పైన దుప్పటి అంచు తగిలినా గావుకేక పెట్టే స్థితిలో ఉండేవాడు. పాలీహౌస్‌లో గులాబీలు పెంచే రైతు మంచం దిగలేకపోయాడు. హోసూరు డాక్టరు గౌట్ అన్నాడు, రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగిందన్నాడు, రోజూ వేసుకోవాలని మాత్ర రాశాడు. అప్పుడే ఆక్యుపంక్చర్ కోర్సులో చేరిన కావ్యశ్రీ ఆ మాత్ర మానిపించింది. వారానికి రెండుసార్లు సూదులు, పొద్దునా సాయంత్రం కాచిన చైనా పొడి, మాంసం బంద్, ఉలవచారు బంద్. నెల తిరిగేసరికి అశ్వత్థప్ప చెప్పులేసుకుని తోటలోకి నడిచాడు. హోసూరు బాగలూరు రోడ్డులో కూతురు క్లినిక్ తెరిచిన రోజు చుట్టాలందరి ముందూ మేడమెట్లు ఊతం లేకుండా ఎక్కి రిబ్బన్ కత్తిరించాడు. ఆ మెట్లు ఎక్కడాన్ని చూసి చేరిన పేషెంట్లే సగం మంది.

మొన్న మంగళవారం ఆయనకు మూత్రం ఆగిపోయింది. ముఖం ఉబ్బింది. మాట తడబడింది.

"అమ్మా, నువ్వన్నా చెప్పు దీనికి!" రఘునాథ్ కొట్టం వైపు తిరిగి అరిచాడు. "ఇంకా ఆ డబ్బాను పట్టుకోని ఎట్ల నిలబడిందో చూడు!"

మంజులమ్మ ఆవు పక్కన రాతి మీద కూర్చుని ఉంది. పాలు పితకడం అయిపోయి చాలాసేపయింది. చెంబు కాళ్ళ దగ్గరే ఉంది. మామూలుగా పిల్లలు గొంతు పెంచితే మూడో గొంతు ఆమెదే లేస్తుంది. ఈ రోజు లేవలేదు.

"అమ్మా!"

"పొడిని ఏమీ అనొద్దురా."

"ఏల అనకూడదు?"

"పొడిది తప్పు లేదు. ఉంటే ఉండనీ, నాకు తెలీదు. నాకు తెలిసింది వేరే ఉంది."

కావ్యశ్రీకి ఒక్క క్షణం ఊపిరి తేలికైంది. తప్పు నాది కాదు అన్న సంతోషం అది. నాన్న అక్కడ ఆ మంచం మీద ఉండగా అలాంటి సంతోషం కలిగినందుకు ఆ వెంటనే సిగ్గుతో చచ్చిపోయింది.

మంజులమ్మ లేచి, కొట్టం చూరులోకి చెయ్యి పోనిచ్చి, దుమ్ము పట్టిన ప్లాస్టిక్ కవరు ఒకటి బయటికి తీసింది. అందులో మాత్రలు. మనిషి గొంతులో దిగనంత పెద్దవి. అట్ట మీద ఆవు బొమ్మ ఉంది.

రఘునాథ్ తీసుకుని చూశాడు. "ఇవి గొడ్ల మాత్రలు గదమ్మా. జ్వరానికీ నొప్పికీ పశువులకు వేసేవి."

"ఊ."

"అయితే?"

"ముక్కలు చేసి మింగేవాడు మీ నాయన."

ఆవు తొట్టిలో తల పెట్టి గడ్డి నములుతూ ఉంది.

"ఎప్పటినుంచి?" అంది కావ్యశ్రీ. తల్లి ముందుకు వచ్చి మళ్ళీ అడిగింది. "ఎప్పటినుంచమ్మా?"

"నువ్వు సూదులు పెట్టను మొదలుపెట్టినప్పటి నుంచి."

"నొప్పి మాత్ర కావాలంటే మెడికల్ అంగడి లేదా? మనిషి మాత్రలు దొరకవా లోకంలో?" రఘునాథ్ అరిచాడు.

"తళిలో మెడికల్ అంగడాయన పెండ్లాము యాడ సూది పొడిపించుకుంటా ఉంది? నీ చెల్లెలి దగ్గరే గదా. హోసూరుకు పోతే ఆడా తెలిసినోళ్ళే. కావ్య వాళ్ళ నాయన నొప్పి మాత్రలు కొంటా ఉండాడని పొద్దు మునిగే లోపల ఊరికంతా తెలిసిపోతుంది. ఆవుకు జ్వరమంటే ఎవరు అడుగుతారు?"

"ఆవుకు జ్వరం ఎప్పుడొచ్చిందమ్మా?"

"మన ఆవుకు ఏ రోగమూ లేదు." మంజులమ్మ ఆవు వీపు మీద చెయ్యి వేసింది. "రెండేండ్లుగా ఈ ఇంట్లో బాగున్నది అదొక్కటే."

రఘునాథ్ ఆ కవరును నేలకేసి కొట్టాడు. "నీకు తెలిసీ గమ్మునుంటివా? మేము పిల్లోళ్ళమా చెప్పకుండా ఉండేదానికి? కట్టుకున్నోడు గొడ్ల మందు మింగతా ఉంటే అన్నం వడ్డిస్తా కూర్చుంటివా?"

"మొదట్లో నాకూ తెలీదు. ఒకదినం ఈడనే రోట్లో నలగ్గొడతా ఉంటే చూసినాను. అరిచినాను. నా చెయ్యి పట్టి ఆయన తల మీద పెట్టించుకోని ఒట్టు వేయించుకున్నాడు. పిల్లకు చెప్తే నన్ను చంపుకున్నట్లే అనె. నేనేం చేసేది? ఒట్టు తప్పితే ఆయన పోతాడేమోనని భయం. తప్పకపోయినా పోతా ఉండాడు ఇప్పుడు."

"ఎందుకమ్మా?" కావ్యశ్రీ కింద కూర్చుండిపోయింది. "నాకు చెప్తే ఏమయ్యేది? సూది పని చేయలేదని చెప్తే నేనేమి చేసేదాన్ని? ఇంకో డాక్టరు దగ్గరికి పోదామనేదాన్ని గదా!"

మంజులమ్మ కూతురి వైపు చూడలేదు. ఆవు మెడ కింద గోకుతూ మాట్లాడింది.

"ఆ వెనక గదిలో నువ్వు పడుకోనుండింది మరిచిపోతివా?"

కావ్యశ్రీ మరిచిపోలేదు. బెంగళూరులో కంపెనీ ఉద్యోగం పోయి ఇంటికి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా ఏడాదిపాటు ఆ గదిలో పడుంది. తిండి పెడితే సగం తినేది. తల దువ్వుకునేది కాదు. ఇంట్లో ఎవరూ ఆ ఏడాది పేరెత్తరు. ఎత్తితే తిరిగొస్తుందేమోనని అందరికీ భయమే.

"కోర్సులో చేరినాక సూదుల డబ్బా తెచ్చుకోని మీ నాయన కాలు ఒళ్ళో పెట్టుకున్నావు. ఎట్లుంది నాయనా అని అడిగినావు. అన్ని దినాలకు నీ నోట్లోనుంచి ఒక మాట వచ్చిందమ్మే. ఆయన ఏమి చెప్తాడు? నొప్పి అట్లే ఉంది, నీ చేత కాలేదు, పో, మళ్ళీ గదిలో పడుకో అంటాడా?"

కావ్యశ్రీ నీలం మూత డబ్బాను పక్కన పెట్టింది. పొడి విషమైనా బాగుండేదనిపించింది. విషమైతే తనొక్కతే తప్పు చేసినట్టయ్యేది. ఇప్పుడు ఎవరిని తిట్టాలో, ఎవరి కాళ్ళ మీద పడాలో తెలియలేదు. ఏడుపు కూడా రాలేదు.

"లేయ్," అన్నాడు రఘునాథ్. అరుపు అయిపోయింది అతని దగ్గర. "ఆ మాత్రలు ఎత్తుకో. డాక్టరమ్మకు చూపించాల. అమ్మా, నువ్వూ రా."

*

కారు సూళగిరి దాటుతుండగా ఫోన్ మోగింది. నాగేశప్ప. ఆయన ఊరు సూళగిరే. ఆయనకూ గౌటే. వారం వారం బస్సెక్కి క్లినిక్‌కు వస్తాడు.

"అమ్మా, క్లినిక్ ముందర నిలబడుకోనుండాను. తాళం వేసుంది. ఈ పొద్దు లేదా?"

"లేదు నాగేశప్పా. నాయనకు బాగలేదు."

"అయ్యో! ఏమైంది? ఆయప్పను చూసే గదా నేను మాత్రలు నిలిపేసింది!"

ముందు సీట్లో మంజులమ్మ కళ్ళు మూసుకుంది. రఘునాథ్ రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు.

"నాగేశప్పా, నేను చెప్పేది వినండి. మీ పాత డాక్టరు దగ్గరికి ఈ పొద్దే పోండి. నిలిపేసిన మాత్రల సంగతి చెప్పి, ఆయన ఎట్ల చెప్తే అట్ల చేయండి. రక్త పరీక్ష చేయించుకోండి."

"ఏలమ్మా? నాకు తగ్గతా ఉందే."

"నిజంగా తగ్గిందా?"

అవతల బస్సు హారన్ ఒకటే వినిపించింది.

"నాగేశప్పా? ఒట్టు పెట్టుకోని చెప్పండి. తగ్గిందా?"

"అంటే... మీరు అంత శ్రద్ధగా చేస్తారు గదమ్మా. లేదని ఎట్ల చెప్పేది. ఆడబిడ్డ మొగం చిన్నపోతుందేమోనని..." ఆయన మాట మార్చాడు. "తగ్గుతుందిలేమ్మా. ఈ పొద్దు కాకుంటే రేపు తగ్గుతుంది."

కావ్యశ్రీ ఫోన్ ఒళ్ళో పడేసింది. తన దగ్గరికి వచ్చే ముఖాలన్నీ వరసగా కళ్ళ ముందుకు వచ్చాయి. సూది తీయగానే నవ్వే ముఖాలు. ఎట్లుందమ్మా అంటే బాగుందమ్మా అనే ముఖాలు. అందులో ఏ నవ్వు నొప్పి తగ్గి నవ్వింది, ఏ నవ్వు తనను చూసి జాలిపడి నవ్వింది? కొందరికి నిజంగానే తగ్గి ఉండొచ్చు. ఎవరికో ఆమెకు ఇక తెలిసే దారి లేదు.

"ఆయనకు ఇప్పుడే చెప్పల్నా అదంతా?" అన్నాడు రఘునాథ్ మెల్లగా.

"ఇంకెప్పుడు చెప్పేది? ఆయప్పకూ మూత్రం నిలిచిపోయినాకనా?"



*

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. తమిళంలోనే మాట్లాడింది. మాత్రల అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, ముక్కులోంచి పొడుగ్గా ఊపిరి వదిలింది.

"ఇన్నాళ్ళు మింగితే కిడ్నీలు నిలవవు. పొడి సంగతి పరీక్ష చేస్తే తప్ప చెప్పలేను. యూరిక్ యాసిడ్ మాత్ర మానమన్నది ఎవరు?"

"నేనే," అంది కావ్యశ్రీ.

డాక్టరమ్మ ఆమెను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇప్పుడు అదంతా వద్దు. వెంటనే డయాలిసిస్ మొదలుపెట్టాలి. మెడ దగ్గర గొట్టం వేస్తాం. కిడ్నీలు తిరిగి పనిచేస్తాయని మాట ఇవ్వలేను. కానీ ఇది కూడా చేయకపోతే ఈ రాత్రికో రేపటికో గుండె ఆగిపోవచ్చు. మీ నాన్న సంతకం పెట్టనంటున్నారు. తెలివిలోనే ఉన్నారు, ఆయన వద్దంటే నేను బలవంతం చేయలేను. మీరు మాట్లాడండి."

అశ్వత్థప్ప మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. రెండేళ్ళలో నల్లబడ్డ ముఖం ఇప్పుడు పసుపు తిరిగి ఉబ్బిపోయింది. సుమ పక్కన నిలబడి తడిగుడ్డతో ఆయన పెదాలు తుడుస్తోంది.

"వచ్చినావా కావ్యా," అన్నాడు.

"పొద్దున్నుంచీ ఒకటే మాట మామది," అంది సుమ. "కావ్య సూదులు తెస్తా ఉందా అని."

కావ్యశ్రీ ఆయన చెయ్యి పట్టుకుంది. "నాయనా, నాకు తెలిసిపోయింది. గొడ్ల మాత్రలు."

అశ్వత్థప్ప భార్య వైపు చూశాడు. మంజులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

"ఆవుకు తెచ్చినవి అవి," అన్నాడు.

"ఏ ఆవుకు నాయనా?"

"జ్వరమొచ్చి ఉండె."

"నాయనా!"

ఆయన మాట పలకడానికి బలం కూడగట్టుకుంటున్నాడని తెలుస్తోంది. "క్లినిక్ తెరిచినావా ఈ పొద్దు?"

"లేదు. ఇంక తెరవను."

"అట్లయితే నన్ను ఇంటికి ఎత్తుకపోండి. మెషిన్ వద్దు."

"ఏం మాటలాడతా ఉండావు నాయనా!" రఘునాథ్ మంచం పట్టీ పట్టుకుని వంగాడు. "డాక్టరమ్మ ఏం చెప్పిందో తెలుసా నీకు? పోతావు! అర్థమవతా ఉందా? పోతావు!"

"పోయేవాడు ఎట్లైనా పోతాడు. ఆ మెషిన్ మీద పడుకుంటే ఊరంతా ఏమంటుంది? కూతురు సూది పొడిచి నాయనను చంపె అంటారు. ఇంటికాడ పోతే వయసైంది, పోయె అంటారు. పాప క్లినిక్ పాపకుంటుంది."

"నాకు క్లినిక్ వద్దు నాయనా! నువ్వు కావాల!"

"నేను ఎన్ని దినాలుంటాను? నేను పోయినాక నువ్వు ఆ గదిలోకి పోయి పడుకుంటే నీ తల ఎవరు దువ్వుతారు?"

ఆయన కళ్ళు కూతురి ముఖం మీదే ఉంచాడు. ఒప్పుకునేదాకా కదలనని బేరం పెట్టే మొండి రైతు చూపు అది. హోసూరు పూల మార్కెట్లో ఎందరో దళారులకు తెలిసిన చూపు.

నర్సు సంతకం కాగితంతో తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. వెనకే డాక్టరమ్మ గడియారం చూసుకుంటోంది.

కావ్యశ్రీకి అన్నీ తెలిసే ఉన్నాయి. అవునంటే అబద్ధం. కాదంటే నాన్న ఉండడు. సూళగిరి నాగేశప్పకు గంట కిందట చెప్పిన మాట ఏమిటి, ఇప్పుడు చెప్పబోయే మాట ఏమిటి? రేపు ఆ తాళం తీసి, ఆ కుర్చీలో కూర్చుని, ఎవరి కాలు పట్టుకుని ఏమని అడగాలి?

"తెరుస్తాను నాయనా," అంది. "రేపే తెరుస్తాను. సంతకం పెట్టు."

"నిజంగానా?"

"నిజం."

"అట్లయితే ఒకసారి సూది పెట్టు. నువ్వు పెట్టేది నేను చూడాల. అప్పుడు పెడతాను సంతకం."

"ఇక్కడ అవన్నీ కుదరవు," అంది నర్సు తమిళంలో. డాక్టరమ్మ నర్సు మోచెయ్యి పట్టి ఆపింది.

కావ్యశ్రీ మంచం చివర కూర్చుని దుప్పటి తొలగించింది. పాదం నీరు పట్టి మెరుస్తోంది. బొటనవేలి మొదట్లో సుద్దలాంటి గడ్డలు చర్మంలోంచి తెల్లగా కనిపిస్తున్నాయి. ఇన్నాళ్ళూ వారానికి రెండుసార్లు ఈ పాదాన్నే చేతిలోకి తీసుకుంది. ఈ గడ్డలు పెరగడం చూడలేదా తను? చూసింది. చూసి, తగ్గుతున్నాయనుకుంది.

సంచిలోంచి సూదుల డబ్బా తీసింది. మూత మీద వేలు పెట్టింది కానీ తీయలేకపోయింది. ఒంట్లో నీరు నిండిన మనిషికి ఇప్పుడు సూది గుచ్చకూడదని ఆమెకు తెలుసు. గుచ్చకపోతే సంతకం పడదని కూడా తెలుసు. పాదాన్ని తాకే ధైర్యం కూడా లేక అలాగే కూర్చుంది.

తల వైపు నుంచి అశ్వత్థప్ప పొడుగ్గా ఊపిరి తీశాడు. చూస్తానన్నవాడు కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"హబ్బా, ఇప్పుడు తగ్గె చూడు," అన్నాడు. "నీ చెయ్యి భలే మంచిదమ్మా."